బాస్ బరువును వాలు పిన్నుకు అప్పగిద్దాం

వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది డబుల్ బాస్. నిలబెడితే ఆరడుగుల మనిషంత ఎత్తుంటుంది. బరువు సుమారు పది కిలోలు. సింఫనీ ఆర్కెస్ట్రాలోనూ జాజ్ బృందంలోనూ మిగతా వాద్యాలన్నిటి అడుగున వినిపించే లోతైన స్వరం దీనిదే. ఇంత పెద్ద వాద్యం నేలమీద ఆనేది ఒకే ఒక్క చోట, కింద ఉన్న సన్నని కడ్డీ మొన మీద. ఆ కడ్డీ పేరు ఎండ్‌పిన్. మామూలుగా అది వాద్యం నిలువుకు తిన్నగా, కిందికి దిగి ఉంటుంది. కొందరు వాద్యకారులు దాన్ని వెనక్కి, అంటే తమవైపు, వాల్చి పెట్టుకుంటారు. అదే వాలు పిన్ను.

చూడటానికి ఇది చిన్న మార్పే. బాస్ నేర్చుకునేవారిలో చాలామందికి ఎడమచేతి బొటనవేలి నొప్పి, నడుము నొప్పి తెలుసు. ఆ నొప్పికి కారణం వాద్యాన్ని మోయడమే అయితే ఈ చిన్న మార్పు చాలా మేలు చేస్తుంది. అయితే తప్పుగా ఎంచుకుంటే డబ్బు పోతుంది, తొందరపడి బెజ్జం వేయిస్తే మంచి వాద్యం పాడవుతుంది. అందుకే వాలు పిన్ను ఏం చేస్తుందో, అందులో ఎన్ని రకాలున్నాయో, ఎలా అమర్చుకోవాలో వరుసగా చూద్దాం.

పిన్ను చేసే రెండు పనులు

వాలు పిన్ను గురించి తెలుసుకోవాలంటే ముందు మామూలు పిన్ను ఎలా కూర్చున్నదో చూడాలి. బాస్ పెట్టె అడుగున, లోపలివైపు ఒక దిట్టమైన కొయ్య దిమ్మ ఉంటుంది. ముందు పలక, వెనుక పలక, పక్క చెక్కలు అన్నీ కింద కలిసేది ఆ దిమ్మ దగ్గరే. దాని మధ్యలో ఒక బెజ్జం వేసి, అందులో ఒక ప్లగ్ బిగిస్తారు. ప్లగ్ ఒకవైపు లావుగా, మరోవైపు సన్నగా ఉంటుంది. బెజ్జం కూడా అదే వాటంలో తొలిచి ఉంటుంది కాబట్టి జిగురు లేకుండానే పట్టుకుని కూర్చుంటుంది. ఆ ప్లగ్ నడిమి గొట్టంలోంచి కడ్డీ పైకీ కిందికీ జారుతుంది. కావలసిన ఎత్తులో పెట్టి స్క్రూ బిగిస్తే ఆగుతుంది.

ఈ ప్లగ్ మీద రెండు వేర్వేరు బాధ్యతలున్నాయి. మొదటిది తీగల లాగుడు. నాలుగు తీగలూ కింద టెయిల్‌పీస్‌కు కట్టి ఉంటాయి. టెయిల్‌పీస్‌ను పట్టి ఉంచే గట్టి తీగ పెట్టె అంచు మీదుగా వచ్చి ఈ ప్లగ్ మెడకు చుట్టుకుంటుంది. ఒక్కో తీగ సుమారు 25 నుంచి 30 కిలోల బలంతో లాగుతుంది. నాలుగూ కలిస్తే వంద కిలోలు దాటుతుంది. ఆ లాగుడంతా రేయింబవళ్లు ప్లగ్ మీదే ఉంటుంది. రెండో బాధ్యత వాద్యం బరువును నేలకు చేర్చడం. ఆ పని కడ్డీది.

వాలు పిన్ను మార్చేది ఈ రెండో పనిని మాత్రమే. తీగల లాగుడుతో దానికి సంబంధం లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏ మార్పు తేలికో, ఏది ప్రమాదమో సులువుగా తేల్చుకోవచ్చు. కడ్డీని మార్చడం తేలిక పని. ప్లగ్‌ను కదిలించడం పెద్ద పని. దిమ్మకు కొత్త బెజ్జం వేయడం అన్నిటికన్నా పెద్ద పని.

వాలు ఏం మారుస్తుంది

బాస్ నిటారుగా నిలబడితే దాని బరువు మొత్తం పిన్ను మీదే పడుతుంది. చేతికి ఏమీ తెలియదు. కానీ ఎవరూ బాస్‌ను నిటారుగా పెట్టి వాయించరు. తీగలు అందాలంటే వాద్యం కొంచెం మనవైపు ఒరగాలి. ఒరిగిన క్షణం నుంచీ అది గోడకు ఆనించిన నిచ్చెన లాంటిది. కింది మొన నేలమీద, పైభాగం మన ఒంటి మీద. నిచ్చెన ఎంత వాలితే గోడ మీద అంత భారం.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. బాస్ బరువు పది కిలోలు అనుకుందాం. దాని గరిమనాభి పెట్టె అడుగునుంచి 60 సెంటీమీటర్ల పైన ఉందనీ, బయటికి వచ్చిన కడ్డీ పొడవు 30 సెంటీమీటర్లనీ అనుకుందాం. అంటే నేలను తాకే మొన నుంచి గరిమనాభికి 90 సెంటీమీటర్లు. వాద్యం 20 డిగ్రీలు వెనక్కి వాలితే గరిమనాభి మొనకు సరిగ్గా పైన ఉండదు, దాదాపు 31 సెంటీమీటర్లు మనవైపు జరుగుతుంది. మొన నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తున మన ఒళ్లో, చెయ్యో దాన్ని ఆపుతున్నదనుకుంటే అక్కడ పడే భారం సుమారు 2.4 కిలోలు.

ఇప్పుడు అదే పొడవున్న కడ్డీని 40 డిగ్రీలు మనవైపు వంచుదాం. వాద్యం వాలు మారలేదు, ఎత్తు కూడా మారలేదు. కానీ మొన నేలమీద సుమారు 20 సెంటీమీటర్లు మనవైపు వచ్చింది, గరిమనాభికి కిందుగా చేరింది. ఇప్పుడు మన ఒంటి మీద పడేది సుమారు 0.8 కిలో. మూడింట రెండు వంతుల భారం నేలకు వెళ్లిపోయింది. కడ్డీని 45 డిగ్రీలకు వంచి, వాద్యాన్ని 15 డిగ్రీలే వాల్చితే ఇదే లెక్కలో మిగిలే భారం దాదాపు సున్నా.

రెండున్నర కిలోలు పెద్ద బరువా అని అడగవచ్చు. సంచిలో పట్టుకుని బజారు నుంచి రావడానికి పెద్ద బరువు కాదు. కానీ ఆ బరువు ఎడమచేతి బొటనవేలికీ తీగలను నొక్కే వేళ్లకూ మధ్య పడితే, రోజుకు మూడు నాలుగు గంటలు అలాగే ఉంటే, అది ఆ చేతిని కట్టేసినట్టే. వాద్యాన్ని మోసే చెయ్యి స్వరం నుంచి స్వరానికి స్వేచ్ఛగా జారలేదు. ముఖ్యంగా తీగ సగం దాటి పైస్థాయి స్వరాలకు వెళ్లినప్పుడు బొటనవేలు మెడ వెనుక ఉండదు, పైకి వచ్చి తీగ మీద పక్కవాటుగా ఆనుతుంది. వాద్యాన్ని ఆపడానికి అప్పుడు చెయ్యి ఉండదు. దాంతో వాద్యకారుడు ముందుకు వంగుతాడు, భుజంతో ఆపుతాడు, నడుము మీద భారం వేసుకుంటాడు. వాలు పిన్ను మేలు అందరికన్నా ముందు తెలిసేది ఈ పైస్థాయి వాయించేవారికే.

కుడిచేతికి కూడా లాభముంది. బరువు పెరగదని తెలిస్తే వాద్యాన్ని ఇంకొంచెం వెనక్కి వాల్చవచ్చు. తీగలు ఏటవాలుగా మారేకొద్దీ కమాను పట్టిన చేతి బరువు సహజంగా తీగ మీద పడుతుంది. పక్కనుంచి అదిమిపట్టి వాయించాల్సిన అవసరం తగ్గుతుంది.

ఇక నాదం సంగతి. వాలు పిన్ను పెట్టాక వాద్యం గొంతు విచ్చుకుందని చెప్పేవారు చాలామందే ఉన్నారు. కడ్డీ మారితే నేలకు వెళ్లే కంపనం మారుతుంది, కాబట్టి కొంత తేడా వినిపించడం సహజం. వాద్యకారుడి చేతులు తేలికపడితే నాదం బాగుపడటం ఇంకా సహజం. అయినా నాదం కోసమే ఈ ఖర్చు పెట్టవద్దని నా మాట. శరీరానికి సుఖం కోసం పెట్టండి, నాదం మెరుగైతే అది అదనపు లాభం.

అలెప్పో నుంచి పారిస్‌కు

ఈ పద్ధతికి ప్రచారం తెచ్చిన పేరు ఫ్రాన్స్వా రబాత్. 1931లో సిరియాలోని అలెప్పోలో పుట్టారు. ఎడ్వార్ నానీ అనే ఫ్రెంచ్ గురువు రాసిన పాఠ్యపుస్తకం చూసి చాలావరకు సొంతంగా బాస్ నేర్చుకున్నారు. 1955లో పారిస్ చేరేసరికి నానీ కన్నుమూసి చాలా ఏళ్లయింది. గాయకుడు షార్ల్ అజ్నవూర్‌కు సహవాద్యం వాయించారు, సోలో రికార్డులు చేశారు, తర్వాత పారిస్ ఒపెరా ఆర్కెస్ట్రాలో చేరారు. ఆయన రాసిన బోధనా గ్రంథం ‘నువెల్ టెక్నిక్ ద లా కాంత్రబాస్’ వేరువేరు దేశాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది.

రబాత్ పద్ధతిలో ఎడమచెయ్యి ఒకచోట పాతుకుపోదు. బొటనవేలిని ఇరుసుగా చేసుకుని చెయ్యి అటూ ఇటూ ఒరుగుతూ ఎక్కువ స్వరాలను అందుకుంటుంది. వాద్యం బరువు ఆ చేతి మీద ఉంటే ఇది సాధ్యం కాదు. అందుకే వాలు పిన్ను ఆయన వాయించే శైలికి పునాది అయింది. మొదట వంచిన లోహపు కడ్డీ. తర్వాత ఫ్రాన్స్‌కే చెందిన వాద్య నిర్మాత క్రిస్టియన్ లబోరీ ఇంకో అడుగు వేశారు. పాత ప్లగ్ జోలికి పోకుండా దిమ్మలోనే ఏటవాలుగా మరో బెజ్జం వేసి, అందులో కర్ర పిన్ను దూర్చే ఏర్పాటు చేశారు. ఆయన పేరుతోనే దాన్ని లబోరీ పిన్ను అంటున్నారు.

వయొలిన్ కుటుంబంలోని మరో వాద్యమైన చెల్లోలో కూడా ఇలాంటి చరిత్రే ఉంది. చెల్లోకు పిన్ను వాడకాన్ని 19వ శతాబ్దంలో బాగా వ్యాప్తి చేసినవారు బెల్జియం వాద్యకారుడు సెర్వె. 20వ శతాబ్దంలో ఫ్రెంచ్ చెల్లిస్టు పాల్ తోర్తెలియె దాన్ని వంచి వాడారు, రష్యన్ దిగ్గజం రస్త్రపోవిచ్ కూడా వంపు పిన్నునే ఎంచుకున్నారు. అక్కడ ఉద్దేశం వాద్యాన్ని పైకెత్తి అడ్డంగా పరచడం. బాస్‌లో ఉద్దేశం బరువును నేలకు పంపడం.

మూడు దారులు

మార్కెట్లో పేర్లు ఎన్ని ఉన్నా దారులు మూడే.

మొదటిది వంపు కడ్డీ. ఇప్పుడున్న ప్లగ్‌లోంచి తిన్నని కడ్డీ తీసేసి, వంచిన కడ్డీ దూరుస్తారు. వాద్యానికి ఏ కోతా లేదు. నచ్చకపోతే పాతది మళ్లీ పెట్టుకోవచ్చు. ఖర్చు కూడా అన్నిటికన్నా తక్కువ. లోపం ఏమిటంటే కడ్డీ పెట్టె లోపలికి జారదు, ప్రతిసారీ ఊడదీసి విడిగా మోసుకెళ్లాలి. ఇంకో ముఖ్యమైన లోపం మెలితిప్పుడు. తిన్నని కడ్డీ మీద ఎటునుంచి బలం పడినా అది తన ఇరుసు చుట్టూ తిరగాలని చూడదు. వంచిన కడ్డీలో మొన ఇరుసుకు దూరంగా ఉంటుంది. మన లెక్కలోని కడ్డీకైతే ఆ దూరం సుమారు 19 సెంటీమీటర్లు. వాద్యం పక్కకు కదిలిన ప్రతిసారీ ఆ పొడవు మీటలా పనిచేసి కడ్డీని తిప్పబోతుంది. స్క్రూ గట్టిగా లేకపోతే పాట మధ్యలో పిన్ను తిరిగిపోతుంది.

రెండోది ప్లగ్‌ను మార్చడం. కడ్డీ ఏటవాలుగా కూర్చునేలా గొట్టం ఉన్న ప్లగ్గులు దొరుకుతాయి. కొన్నిటిలో కోణాన్ని మార్చుకునే వీలుంటుంది, కొన్నిటిలో తిన్నగా కూడా పెట్టుకోవచ్చు. పట్టు బాగుంటుంది. కానీ ప్లగ్ మార్చాలంటే తీగలన్నీ వదులు చేయాలి, కొత్త ప్లగ్‌కు తగ్గట్టు బెజ్జాన్ని రీమర్ అనే తొలిచే పనిముట్టుతో సరిచేయాలి. ఒకసారి పెద్దదైన బెజ్జం తిరిగి చిన్నది కాదు.

మూడోది లబోరీ పద్ధతి. పాత ప్లగ్ తన చోట తాను తీగలను పట్టుకుని ఉంటుంది. దానికీ వెనుక పలకకూ మధ్య దిమ్మలో ఏటవాలుగా కొత్త బెజ్జం వేసి, అందులోకి గట్టి కర్రతోనో కార్బన్ ఫైబర్‌తోనో చేసిన పిన్ను దూరుస్తారు. బెజ్జం లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి వాద్యం బరువే పిన్నును బిగిస్తుంది, స్క్రూ అక్కర్లేదు. ఎత్తు మార్చాలంటే వేరే పొడవున్న పిన్ను పెట్టాలి. పిన్ను చేసే రెండు పనులనూ రెండు చోట్లకు విడదీయడం ఇందులోని తెలివి. పాత ప్లగ్ ఖాళీగా ఉంటుంది కాబట్టి వాద్యాన్ని దొర్లించుకుపోయే చక్రాన్ని అందులో పెట్టుకోవచ్చు. తేలిక, పట్టు, వాడుక అన్నిట్లోనూ ఇదే మేలైనది. అయితే వాద్యానికి శాశ్వతంగా ఒక బెజ్జం పడుతుంది.

కోణం, పొడవు, లోహం

ఎన్ని డిగ్రీలు కావాలన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. మీ ఎత్తు, మీ చేతుల పొడవు, మీ బాస్ గరిమనాభి, మీరు దాన్ని ఎంత వాల్చుతారన్న దాన్ని బట్టి కోణం మారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల మధ్య వెతకడం మంచి ఆరంభం. మామూలు పిన్నుతో మీరు సహజంగా వాయించే భంగిమలో నిలబడి పక్కనుంచి ఒక ఫొటో తీయించుకోండి. నిలువు గీతకు మీ బాస్ ఎన్ని డిగ్రీలు వాలిందో అందులో కొలవండి. వాలు 10 డిగ్రీలే అయితే 45 డిగ్రీల కడ్డీ మీకు ఎక్కువవుతుంది. మొన గరిమనాభిని దాటి మీవైపు వచ్చేస్తుంది, వాద్యం ముందుకు పడబోతుంది. దాన్ని వెనక్కి లాగిపట్టడం కొత్త శ్రమ.

బరువు పూర్తిగా సున్నా కావడం కూడా మంచిది కాదు. వాద్యం మన ఒంటిని తేలిగ్గా ఆనుకుని ఉంటేనే కుదురుగా ఉంటుంది. అర కిలో, కిలో భారం మన పొట్టకో తుంటికో ఆని ఉండటం మేలు. అది చేతి మీద పడకుండా ఉంటే చాలు.

పొడవు ఎంచుకునేటప్పుడు కుడిచేతిని చూడండి. కమాను పట్టుకుని చెయ్యి వదులుగా వేలాడేసినప్పుడు అది ఫింగర్‌బోర్డ్ (తీగలను వేళ్లతో నొక్కే పలక) చివరకూ, తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జ్‌కూ మధ్య తీగను తాకాలి. భుజం ఎత్తాల్సి వస్తే పిన్ను ఎక్కువ పొడవుంది, వంగాల్సి వస్తే తక్కువ పొడవుంది. తర్వాత ఎడమచేతిని తీగ సగం దగ్గరకు తీసుకెళ్లండి. నడుము వంచకుండా చెయ్యి అక్కడికి చేరాలి. వాద్యం ఎక్కువ వాలితే దాని తల కొంచెం కిందికి దిగుతుంది కాబట్టి పాత పిన్నుకన్నా కొంత ఎత్తు అవసరం కావచ్చు. కొనేటప్పుడు పొడవు కాస్త ఎక్కువే తీసుకోండి. కోయించుకోవచ్చు, అతికించలేం.

లోహం విషయానికొస్తే, 10 మిల్లీమీటర్ల లావు, 45 సెంటీమీటర్ల పొడవున్న గట్టి ఉక్కు కడ్డీ దాదాపు 280 గ్రాములు తూగుతుంది. అదే కొలతకు టైటానియం 160 గ్రాములు, కార్బన్ ఫైబర్ 60 గ్రాముల లోపు. ఉక్కు చవక, దృఢం. 8 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ వంపు దగ్గర ఊగే అవకాశం ఎక్కువ. కార్బన్ తేలికే గానీ స్క్రూ మొన నేరుగా తగిలితే దాని పొరలు నలుగుతాయి. అందుకని ఒకేచోట గుచ్చే స్క్రూ కన్నా చుట్టూ బిగిసే పట్టీ ఉన్న ప్లగ్‌లోనే అది క్షేమం.

లావు కొలవడంలో అశ్రద్ధ వద్దు. 10 మిల్లీమీటర్ల కడ్డీలూ ఉన్నాయి, అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల కడ్డీలూ ఉన్నాయి. రెండోది 9.5 మిల్లీమీటర్లు మాత్రమే. చూపుకు రెండూ ఒకటే. కానీ ఆ అర మిల్లీమీటరు తేడాతో కడ్డీ గొట్టంలో గలగలలాడుతుంది, ఆ గలగల ప్రతి మంద్రస్వరంతోనూ వినిపిస్తుంది. కొనేముందు పాత కడ్డీని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి.

వంపు కడ్డీ అమర్చడం

ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. తీగలు వదులు చేయనక్కర్లేదు, ప్లగ్‌ను ముట్టుకోనక్కర్లేదు. నేలమీద మందపాటి దుప్పటి పరిచి బాస్‌ను పక్కవాటుగా పడుకోబెట్టండి. ఒకరు వాద్యాన్ని పట్టుకుంటే ఇంకా మంచిది. స్క్రూ వదులు చేసి పాత కడ్డీని బయటికి లాగండి. కొన్ని ప్లగ్గుల్లో కడ్డీ లోపలి చివర జారిపోకుండా చిన్న గుబ్బ ఉంటుంది. అలాంటిది బలవంతంగా లాగితే రాదు, వస్తే ప్లగ్‌తో సహా వస్తుంది. అక్కడ ఆగి, వాద్యాలు బాగుచేసేవారి దగ్గరకు తీసుకెళ్లండి.

గొట్టం లోపల దుమ్ము, పాత తుప్పు తుడవండి. కొత్త కడ్డీ తిన్నని భాగం కనీసం గొట్టం పొడవంతా లోపలికి పోవాలి. వంపు దిశ వాద్యం వెనుక పలక వైపు ఉండేలా చూసి స్క్రూ బిగించండి. టెయిల్‌పీస్‌ను పట్టిన తీగకు కడ్డీ తగలకూడదు. మెలితిప్పుడు ఆపాలంటే స్క్రూ మొన ఆనేచోట కడ్డీ మీద ఆకురాయితో చిన్న చదును చేయించండి. ఉక్కు కడ్డీకి ఇది చక్కగా పనిచేస్తుంది. కార్బన్ కడ్డీకి మాత్రం ఆకురాయి పెట్టవద్దు.

ఇప్పుడు బాస్‌ను నిలబెట్టి, మెడను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా మీవైపు వాల్చండి. ఒకచోట బరువు దాదాపు మాయమవుతుంది. అది ఈ కడ్డీకి సమతూక స్థానం. మీరు వాయించే వాలు దానికన్నా కొంచెం ఎక్కువగా ఉండాలి, అప్పుడే వాద్యం మీ ఒంటిని తేలిగ్గా ఆనుకుంటుంది. వాద్యం అడ్డంగా తిరిగిపోతున్నట్టనిపిస్తే స్క్రూ వదులు చేసి వంపును కొద్దిగా కుడికో ఎడమకో తిప్పి చూడండి. వేలి వెడల్పంత తేడాకే నిలకడ మారుతుంది. కుదిరినచోట కడ్డీ మీద గుర్తు పెట్టుకుంటే రోజూ వెతుక్కోనక్కర్లేదు.

మొన సంగతి మరవద్దు. మన ఇళ్లలో, హాళ్లలో నేలలు ఎక్కువగా టైల్స్, గ్రానైట్. ఉక్కు మొన అక్కడ పట్టదు. రబ్బరు తొడుగు కావాలి, అది కూడా గుండ్రటి తలది. కడ్డీ నేలను ఏటవాలుగా తాకుతుంది కాబట్టి చదునైన రబ్బరు ఒక అంచు మీదే నిలిచి జారుతుంది. జారకుండా మొన కింద పెట్టుకునే పట్టీలు, బిళ్లలు దొరుకుతాయి. కొత్త కడ్డీతో మొదటి రోజులు వాటిని వాడటం మంచిది.

బెజ్జం వేయించే ముందు

లబోరీ బెజ్జం ఇంట్లో డ్రిల్లు మిషన్‌తో చేసే పని కాదు. ఇందులో మూడు ప్రమాదాలున్నాయి. కోణం రెండు డిగ్రీలు తప్పినా పిన్ను చివర దగ్గరకు వచ్చేసరికి ఒక సెంటీమీటరు పక్కకు పోతుంది. దిమ్మ పలుచగా ఉన్నా, పాత పగులు ఉన్నా కొత్త బెజ్జంతో అది చీలిపోవచ్చు. పాత ప్లగ్ బెజ్జానికి మరీ దగ్గరగా పోతే రెంటి మధ్య కొయ్య బలహీనమై, వంద కిలోల లాగుడుకు ఓర్చుకోలేదు.

కాబట్టి బాస్‌ల మీద ఇలాంటి పని ఇంతకుముందు చేసిన నిపుణుడినే వెతకండి. ఆయన పనిముట్టు పట్టకముందే కొన్ని ప్రశ్నలు అడగండి. దిమ్మ మందం ఎంత, దాన్ని లోపలినుంచి అద్దంతోనో చిన్న కెమెరాతోనో చూశారా? ఏ కోణంలో వేస్తారు, ఆ కోణం ఎందుకు? కోణం తప్పకుండా డ్రిల్లును దేనితో ఆపుతారు? సౌండ్‌పోస్ట్ పడిపోకుండా ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్న ప్లగ్ మార్పించేవారు తప్పక అడగాలి. పెట్టె లోపల ముందు, వెనుక పలకల మధ్య నిలబడే సన్నని కొయ్య ముక్కే సౌండ్‌పోస్ట్. దానికి జిగురుండదు, పలకల ఒత్తిడికే నిలుస్తుంది. తీగలన్నీ ఒకేసారి వదిలేస్తే అది పడిపోవచ్చు. పడిందని తెలియక తీగలు మళ్లీ బిగిస్తే ముందు పలక కుంగి పగలవచ్చు.

కర్ర పిన్ను ఎంచుకునేవారు వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. విశాఖ, చెన్నై లాంటి తీరప్రాంత నగరాల్లో తేమకు కర్ర ఉబ్బి బెజ్జంలో ఇరుక్కుంటుంది. హైదరాబాద్ ఎండాకాలంలో ఎండి వదులవుతుంది. ఏ పూటకాపూట వాయించాక పిన్నును తీసి పెట్టుకుంటే ఇరుక్కునే బాధ తప్పుతుంది.

బెజ్జం అసలే వద్దనాల్సిన సందర్భాలున్నాయి. చేతితో చేసిన పాత విలువైన వాద్యం, దిమ్మ బాగోగులు తెలియని వాద్యం, అద్దెకు తెచ్చిన వాద్యం. అమెరికాలో మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎంతోమంది స్కూల్ ఆర్కెస్ట్రాల్లో తీగవాద్యాలు నేర్చుకుంటున్నారు. వారిలో బాస్ ఎంచుకున్నవారికి చాలాచోట్ల వాద్యం ఇచ్చేది స్కూలే. అలాంటి వాద్యానికి ప్లగ్ కూడా మార్చకూడదు. కడ్డీ ఒక్కటి మార్చుకోవచ్చు, అది కూడా టీచర్‌ను అడిగాకే. పైగా ఎదిగే పిల్లల ఎత్తు ఏడాదికేడాది మారుతుంది, వారికి ఈరోజు సరిపోయిన కోణం రేపు సరిపోదు.

అలవాటు పడేదాకా

కొత్త పిన్నుతో మొదటి రోజుల్లో స్వరస్థానాలు తప్పుతాయి. తీగ పొడవు మారలేదు, స్వరాలు ఉన్నచోటే ఉన్నాయి. వాటి దగ్గరకు చెయ్యి వెళ్లే దారి మారింది, అంతే. నెమ్మదిగా స్వరావళులు సాధన చేస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కచేరీకి ముందు వారం మాత్రం ఈ మార్పు చేయవద్దు.

వాలు పిన్నున్న వాద్యం నిలువు ఇరుసు చుట్టూ తేలిగ్గా తిరుగుతుంది. దాన్ని ఒంటితో అదుపు చేయడం నేర్చుకోవాలి. మొన మన పాదాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కాలు తగలకుండా చూసుకోవాలి. ఎత్తైన స్టూలు మీద కూర్చుని వాయించేవారికి వాద్యం ముందే తొడకూ ఒంటికీ ఆని కుదురుకుని ఉంటుంది, వారికి ఈ పిన్ను లాభం తక్కువ. ఎప్పుడూ పైస్థాయికి వెళ్లకుండా, వేళ్లతో మీటి మాత్రమే వాయించేవారికి పిన్ను ఎత్తు సరిచేస్తేనే సగం బాధ తీరవచ్చు. ముందు అది చేసి చూడండి. చేతి తిమ్మిరి, నొప్పి విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే పిన్ను గురించి ఆలోచించడం ఆపి డాక్టర్‌ను కలవండి.

ఇంతకూ ఏం చేయాలి? ముందు పాత పిన్ను ఎత్తు సరిచేయండి. చాలకపోతే సరైన లావున్న వంపు కడ్డీ కొని కొన్ని నెలలు వాయించండి. ఏ కోణంలో మీ చెయ్యి తేలికపడిందో రాసిపెట్టుకోండి. ఆ తర్వాత కూడా రోజూ ఊడదీసి పెట్టుకోవడం, స్క్రూ తిరిగిపోవడం భరించలేననిపిస్తే, వాద్యం మీ సొంతమైతే, దిమ్మ గట్టిదని నిపుణుడు తేల్చితే, అప్పుడు లబోరీ బెజ్జం వేయించండి. నిపుణుడి చేతిలో మీరు పెట్టాల్సింది మీ చేతులు నెలల తరబడి పరీక్షించి తేల్చిన కోణాన్ని. ఆ అంకె చేతిలో లేనివారు ఎవరూ తమ బాస్ మీద డ్రిల్లు పెట్టనివ్వకూడదు.